భూషణం ఎంచిన మిషను

మా షాపులో ఇప్పుడున్న పెద్ద మిషనుకి ఎవరూ బొట్టు పెట్టరు. దసరాకి కూడా పెట్టరు. దండ వెయ్యరు, నిమ్మకాయ కట్టరు. కొత్తగా చేరినవాళ్ళు "ఇదేం షాపండీ, దేవుడంటే లెక్కలేదా" అని అడుగుతారు. వాళ్ళని కూర్చోబెట్టి టీ ఇప్పించి భూషణం సంగతి చెప్పడం నా పని. గొలుసు కప్పీతో బరువులు లేపడం నా అసలు ఉద్యోగం గానీ, నోరు కాస్త పెద్దది కాబట్టి ఇది కూడా నాకే అంటగట్టారు. నమ్మేవాళ్ళు నమ్ముతారు. నమ్మనివాళ్ళు టీ తాగి పోతారు.

మాది భీమవరం అవతల, రొయ్యల చెరువుల మధ్య షాపు. చెరువుల్లో నీళ్ళు చిమ్ముతూ తిరిగే చక్రాలు చూసే ఉంటారు, ఏరియేటర్లంటారు. ఆ చక్రాన్ని తిప్పే గేర్‌బాక్సు ఒక ఇనప డబ్బాలో కూర్చుంటుంది. ఆ డబ్బాని మేం కోస్తాం. డబ్బా తేడా వస్తే చక్రం ఆగుతుంది, చక్రం ఆగితే రొయ్యకి ఊపిరాడదు, తెల్లారేసరికి చెరువంతా తెల్లగా తేలుతుంది. అందుకని సీజన్లో మా గేటు దగ్గర చెరువుల ఆసాములు పెళ్ళిలో రెండో బంతికి నిలబడ్డట్టు నిలబడి ఉంటారు.

అప్పట్లో మాకున్నవి నాలుగు పాత నిలువు మిషన్లు. కత్తి పైనుంచి కిందకి దిగుతుంది. కోసిన ఇనప తురుమంతా డబ్బాలోనే పడి పేరుకుంటుంది. దాన్ని కొక్కెంతో లాగాలి, డబ్బా ఊడదియ్యాలి, రెండో పక్కకి తిప్పాలి, మళ్ళీ బిగించాలి. నాలుగు మొహాలున్న డబ్బాకి నాలుగుసార్లు ఇదే తంతు. ఆ మిషన్ల చప్పుడు ఎలాంటిదంటే, పక్క చెరువు ఆసామి ఒకాయన తన రొయ్యలు నిద్రపట్టక చిక్కిపోతున్నాయని పంచాయితీ పెట్టాడు. ఒట్టు. రాజుగారు ఆయనకి నాలుగు ఏరియేటర్లు ఊరికే ఇచ్చి పంపారు.

రాజుగారంటే మా ఓనరు, తిరుపతిరాజు గారు. కేకలేస్తే షెడ్డు రేకులు లేచి మళ్ళీ కూర్చుంటాయి. మనసు మాత్రం వెన్న.

భూషణం రాత్రి డ్యూటీ ఆపరేటరు. ఏడాదంతా రాత్రి డ్యూటీయే, ఎందుకంటే ఆ ముసలి మిషన్లు ఇంకొకళ్ళ మాట వినవు. ఆయన భార్య ముత్యాలు రొయ్యల ప్లాంటులో తలలు తీసే పనికి పోయేది. అది పగటి డ్యూటీ. ప్లాంటు వ్యాను ఆడాళ్ళని మా గేటు దగ్గరే ఎక్కించుకుంటుంది. పొద్దున్నే భూషణం బయటికొచ్చేసరికి ముత్యాలు వ్యాను కోసం నిలబడి ఉంటుంది. ఆవిడ తాళంచెవి ఇస్తుంది, ఈయన ఖాళీ క్యారేజీ ఇస్తాడు. వ్యాను హారన్ కొడుతుంది. అంతే, ఆ పూటకి కాపురం అయిపోయినట్టే.

"ఏం మావా, నిన్ను వెలుతుర్లో తీరిగ్గా చూసి ఎన్నాళ్ళయిందో. నువ్వు నలుపా, చామనచాయా?" అనేదావిడ.

"పెళ్ళి ఫొటో ఉంది కదే, చూసుకో."

"అందులో పౌడరు కొట్టారుగా. నమ్మకం లేదు."

సాయంత్రం ఆవిడ ఇంటికెళ్ళేసరికి ఈయన నిద్రలో ఉంటాడు. ఆవిడ చప్పుడు చెయ్యకుండా అన్నం వండి, పక్కన పీట వేసుకుని కూర్చుని చూస్తుందట. లేపే వేళకి లేపితే మొహం మీద నీళ్ళు కొట్టుకుని షాపుకి పరిగెత్తుతాడు. "మా ఆయన నిద్రపోయే మనిషండి. ఎంత బాగా నిద్రపోతాడో, మొహంలో ఎక్కడ ఏ గీత పడుద్దో నాకు తెలుసండి" అని నవ్వేది. ఎనిమిదేళ్ళ కాపురం అలా గడిచింది.

ఆ ఏడు రాజుగారు పాతవన్నీ తీసేసి ఒక హారిజాంటల్ మిషను కొనాలని తేల్చుకున్నారు. అడ్డంగా కోసేది. భూషణాన్ని కారెక్కించారు, నడిపేవాడు కాబట్టి. నన్నూ ఎక్కించారు, దించి నిలబెట్టేవాడిని కాబట్టి.

మొదట ఒక పెద్ద షోరూముకి వెళ్ళాం. మిషను చూస్తే రైలింజను స్నానం చేసొచ్చినట్టుంది. లోపల కత్తి అడ్డంగా పడుకుని ఉంటుంది. మధ్యలో నాలుగు పలకల స్తంభం, ఒక్కో పలకకి డబ్బాలు బిగిస్తారు. స్తంభమే గిర్రున తిరిగి ఒక్కో మొహం చూపిస్తుంది, మళ్ళీ ఊడదీసే పని లేదు. తురుము డబ్బాలో నిలవకుండా జారి కింద బెల్టు మీద పడి బయటికి పోతుంది. స్తంభాలు రెండు. ఒకటి లోపల కోస్తుంటే, బయటున్న దానికి మనం సరుకు బిగించుకోవచ్చు. లోపలిది అయిపోగానే రెండూ చోట్లు మార్చుకుంటాయి.

భూషణం దాని చుట్టూ పెళ్ళికూతుర్ని చూడ్డానికొచ్చిన మేనత్తలా తిరిగాడు. తలుపు తీశాడు, వేశాడు. నడుస్తుండగా అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

"ఎలా ఉందయ్యా?" అన్నారు రాజుగారు.

"ఒణుకు లేదండి. మంచి మిషనండి. మనం పోయినా ఇది ఉంటుందండి."

"మన లోడు లాగుద్దా?"

"రాత్రీ పగలూ తిప్పితే లాగుద్దండి" అన్నాడు భూషణం. ఆ 'రాత్రీ' అన్నచోట గొంతు కాస్త దిగింది.

రెండోది చూడ్డానికి రాజమండ్రి అవతల ఒక పాత మిల్లు షెడ్డుకి వెళ్ళాం. డాక్టర్ కామేశ్వరి గారని ఒకావిడ, పెద్ద పెద్ద లేబరేటరీల్లో పనిచేసి, సొంతంగా ఒకటి కనిపెట్టి అక్కడ పెట్టుకున్నారు. చూడ్డానికి ఇదీ అలాంటి అడ్డం మిషనే. గోడలు మాత్రం మూరెడు మందం. కిటికీ అద్దం చేపల తొట్టె అద్దం లాగుంది.

ఆవిడ ఏమీ ఉపన్యాసం ఇవ్వలేదు. గిన్నెడు పాలు తెప్పించి, చిన్న చెంచాడు తోడు వేసి, లోపల పెట్టి తలుపు మూశారు. బటన్ నొక్కారు. నేను తుమ్మాను. తుమ్మి కళ్ళు తుడుచుకునేసరికి తలుపు తీసి గిన్నె రాజుగారి చేతిలో పెట్టారు. గడ్డపెరుగు. కత్తి పెడితే నిలబడేలా ఉంది.

రాజుగారు వేలితో తీసుకుని నాకి, "పులిసిందండీ" అన్నారు.

"కొంచెం ఎక్కువసేపు ఉంచానండి" అన్నారావిడ.

అదీ సంగతి. ఆ గదిలో కాలం పరిగెడుతుంది. బయట మనకి ఒక్క నిమిషమైతే లోపల రెండు రోజులు. స్తంభం నిండా డబ్బాలు బిగించి లోపలికి పంపితే, కత్తి తన పద్ధతిలో తాను తీరిగ్గా పగలంతా కోసుకుంటుంది. మనకి మాత్రం బీడీ ముట్టించేలోపు అయిపోతుంది.

పెరుగు గిన్నె అందుకుంటుంటే ఆవిడ కొంగు జారింది. అప్పుడు చూశాం. కుడి చెయ్యి మామూలుగా ఉంది. ఎడం చెయ్యి మాత్రం తొంభై ఏళ్ళ ముసలమ్మది. ముడతలు, నల్ల మచ్చలు, వంకర్లు పోయిన వేళ్ళు. ఒకే ఒంటికి అత్తగారి చెయ్యొకటీ, కోడలి చెయ్యొకటీ అతికించినట్టుంది.

భూషణం చెయ్యి వంకే చూస్తూ, "అదేంటండి డాక్టరమ్మ గారూ?" అన్నాడు.

ఆవిడ దాచుకోలేదు. "మొదట్లో తలుపు సందులో చెయ్యి ఉండగా ఆన్ అయింది. అప్పుడింత వేగం లేదు కాబట్టి చెయ్యి మిగిలింది. ఇప్పుడలా సగం మనిషి లోపల సగం బయట ఉంటే గుండె ఒక కాలంలో కొట్టుకుంటుంది, నెత్తురు ఇంకో కాలంలో పారుతుంది. బతకరు. అందుకే తలుపు పూర్తిగా పడితేగానీ ఇది కదలదు, లోపలి కాలం దిగేదాకా తలుపు తాళం ఊడదు. ఇంకోటి కూడా పెట్టాను, చూడండి." లోపల పైమూలన గాజుకన్ను ఒకటి చూపించారు, గోలీ అంత. "లోపల మనిషి ఉంటే ఇది చూస్తుంది. చూస్తే స్టార్టే అవ్వదు."

"మరి ఎర్ర బుడిపి?" అన్నాడు భూషణం. ఏ మిషనుకైనా పెద్ద ఎర్ర బటన్ ఉంటుంది. తేడా వస్తే ముందు దాని మీద కొట్టడమే మా కులవిద్య.

"ఉంది. దీనికి మాత్రం దాన్ని కొట్టకూడదు. సైకిల్ తొక్కడం ఆపితే సైకిల్ ఆగుద్దా? దొర్లుతూ పోతుంది కదా. ఎర్రది కొడితే కత్తి ఆగుతుంది, లోపలి కాలం ఆగదు. దానంతటది నీరసించాలి. అరగంట పడుతుంది. కొట్టకుండా వదిలేస్తే, పని అవగానే ఇదే బ్రేకు వేసుకుని వెంటనే దిగుతుంది."

"మరి ఎందుకండి పెట్టారు?"

"ఎర్ర బటన్ లేని మిషను ఎవరైనా కొంటారా?" అన్నారావిడ. రాజుగారు పకపకా నవ్వారు. మేమూ నవ్వాం.

తిరుగు దారిలో రాజుగారు ముందు సీట్లోంచి వెనక్కి తిరిగారు. "నడిపేవాడివి నువ్వు. నువ్వు ఏది అంటే అది. చెప్పు."

భూషణం కిటికీలోంచి చెరువులు చూస్తూ అన్నాడు. "మొదటిదే మంచి మిషనండి. అందులో అబద్ధం లేదు. కానీ దాంతో రాత్రి డ్యూటీ పోదు కదండి."

"రెండో దాంతో?"

"పొద్దున్నే వచ్చి, సరుకు బిగించి, లోపలికి తోసి, తీసి, మళ్ళీ బిగించి... మధ్యాన్నానికి రెండు రోజుల సరుకు గేటు దాటుద్దండి. ఎండ ఉండగానే ఇంటికి పోవచ్చండి. ముత్యాలు కూడా పగటి డ్యూటీయే కదండి. సాయంత్రం ఇద్దరం మెలకువగా ఒకే ఇంట్లో ఉంటాం."

"మిషను గురించి అడిగితే పెళ్ళాం గురించి చెప్తావేంటయ్యా!"

"దానికోసమే కదండి మిషను" అన్నాడు భూషణం, సిగ్గుపడుతూ.

అలా రెండోది వచ్చింది. దాన్ని దించేటప్పుడు నా గొలుసు కప్పీ ఎంత మూలిగిందంటే, గోదారికి అవతల గట్టున గేదెలు జవాబు చెప్పాయట.

పూజకి ముహూర్తం పొద్దున్నే, ప్లాంటు వ్యాను వచ్చే వేళకి కాస్త ముందు పడింది. రాజుగారు కుటుంబంతో వచ్చారు. డాక్టరమ్మ గారు వచ్చారు. భూషణం బూడిదరంగు ఇస్త్రీ చొక్కా వేశాడు. ముత్యాలు ప్లాంటుకి సెలవు పెట్టి, పసుపు చీర కట్టుకుని, తలలో కనకాంబరాలు పెట్టుకుని వచ్చింది. వేళ్ళు మాత్రం రొయ్యనీళ్ళకి నాని నాని తెల్లగా ముడుచుకుని ఉన్నాయి.

"ఓయమ్మో, ఇంత ఉందేంటి మావా! మన ఇల్లు ఇందులో పట్టుద్ది."

"ఇల్లు దీని బాత్రూములో పట్టుద్దే. రా, చూపిస్తాను." పెళ్ళయిన కొత్తలో తిరునాళ్ళు చూపించినట్టు చూపించాడు. "ఇది ఆకుపచ్చది, నొక్కితే మొదలవుద్ది. ఇది ఎర్రది. ఏ మిషను దగ్గరైనా సరే, ఏదైనా తేడాగా కనపడిందనుకో, ఆలోచించకు, ముందు దీని మీద ఒక్కటి కొట్టు. మా గురువు నాకు మొదటి రోజే చెప్పిన మాట."

అలవాటు మాట. ఇరవై ఏళ్ళుగా ప్రతివాడికీ చెప్పిన మాట. ఈ మిషనుకది వర్తించదని ఆయనకి తెలుసు. కానీ ఆ క్షణంలో ఆయన మిషను గురించి చెప్పడం లేదు, పెళ్ళాం ముందు కాస్త గొప్పగా నిలబడుతున్నాడంతే. డాక్టరమ్మ గారు ఆ పక్క రాజుగారి భార్యతో మాట్లాడుతున్నారు.

నైవేద్యాలన్నీ లోపలే, స్తంభం కాళ్ళ దగ్గర పెట్టాం. అరటి గెల సగం, కొబ్బరికాయలు, పులిహోర గిన్నె, మరచెంబుతో నీళ్ళు. బిగించిన డబ్బాలన్నిటికీ పసుపు రాసి, స్తంభానికి బంతిపూల దండ వేశాం. బొట్లు పెట్టడం ఆపరేటరు హక్కు. భూషణం గంధం, కుంకం గిన్నెలతో లోపలికెక్కాడు. కత్తి పట్టే స్పిండిల్‌కి పెట్టాడు. స్తంభానికి నాలుగు పక్కలా పెట్టాడు. తలెత్తితే పైమూలన గాజుకన్ను కనపడింది. కన్నున్న దేనికైనా దణ్ణం పెట్టే మనిషి. మునివేళ్ళ మీద లేచి, దానికి నిండుగా గంధం అద్ది మధ్యలో కుంకం పెట్టాడు. బయటినుంచి నేను చూశాను. బాగుందనే అనుకున్నాను.

హారతి కర్పూరం మిగిలింది. మా షెడ్డులో పెద్ద ఫ్యాను, దాని గాలికి మనిషే వంగి నడవాలి. పుల్ల గీస్తే ఆరిపోతోంది. రెండుసార్లు గీశాడు. మూడోసారి విసుగొచ్చి లోపలినుంచి తలుపు జరిపేసుకున్నాడు, గాలి తగలకుండా.

ఇవతల పంతులుగారు వాచీ చూసుకుంటూ, "రాజుగారూ, ముహూర్తం దాటిపోతోంది! నొక్కండి, నొక్కండి!" అని కంగారుపెట్టారు.

రాజుగారు చుట్టూ చూశారు. తలుపు మూసుంది. భూషణం వెనకవైపు వెళ్ళాడనుకున్నారు. డాక్టరమ్మ గారు మిషను మీదున్న దీపం చూశారు. లోపల మనిషి లేడు అన్న పచ్చదీపం వెలుగుతోంది. ఆ కన్నుని ఆవిడ తన కన్నులా నమ్మారు. "కానివ్వండి" అన్నారు.

రాజుగారు కళ్ళకద్దుకుని ఆకుపచ్చది నొక్కారు.

సన్నాయి మొదలైంది. అందరూ చప్పట్లు కొట్టారు. ముత్యాలు మాత్రం కిటికీ అద్దం దగ్గర నిలబడి ఉంది. లోపల బూడిదరంగు పొగ ఒకటి అటూ ఇటూ కొట్టుకుంటోంది. కర్పూరం పొగ అనుకున్నాను నేను. ఆ పొగకి ఇస్త్రీ చొక్కా రంగు ఉంది.

"మావా!" అంది ముత్యాలు. గట్టిగా అరవలేదు. పక్కకి తిరిగి, ఆలోచించకుండా, ఎర్ర బుడిపి మీద ఒక్కటి కొట్టింది.

డాక్టరమ్మ గారు "వద్దు!" అంటూ వచ్చేసరికే కొట్టేసింది. ఇంకో నాలుగుసార్లు ఊపిరి పీల్చి ఊరుకుంటే, పని అయిపోయి తలుపు తాళం అదే ఊడేది. లోపల ఆయనకి ఒక్క పూట గడిచేది, తడిసి బెదిరి బయటికొచ్చేవాడు. కత్తి ఆగిపోయింది. సన్నాయి ఆగిపోయింది. పొగ ఆగలేదు.

ఆ తర్వాత నేను దీని గురించి చాలాసార్లు ఆలోచించాను. ఆ చెయ్యి ఎర్ర బుడిపి వైపు రావడం, లోపలున్న భూషణం దాదాపు గంటసేపు చూసి ఉంటాడు. వద్దే, వద్దే అని గంటసేపు అద్దం బాది ఉంటాడు. బయట మాకు అది పొగ.

రాజుగారు సమ్మెట అందుకున్నారు. "అద్దం పగలగొట్టేస్తాను, జరగండి!"

డాక్టరమ్మ గారు ఎడం చెయ్యి ఆయన మొహం ముందు పెట్టారు. రాజుగారు ఆ చెయ్యి చూసి సమ్మెట వదిలేశారు. సమ్మెట పడ్డచోట నేల పగిలింది, ఆ పగులు ఇప్పటికీ ఉంది, కావాలంటే చూపిస్తాను.

"మళ్ళీ స్టార్ట్ చేస్తే మిగిలిన పని అయిపోయి బ్రేకు పడుతుంది" అంటూ ఆవిడ ఎర్రది తిప్పి లాగి, ఆకుపచ్చది నొక్కారు. మిషను కదల్లేదు. ఇంకోసారి నొక్కారు. పైన దీపం ఎర్రగా వెలిగింది. అద్దంలోంచి మూలకి చూశాం. గాజుకన్ను తళతళ మెరుస్తోంది. గంధం లేదు, కుంకం లేదు. భూషణం తుడిచేశాడు. తాను లోపలున్నట్టు అది చూడాలని తుడిచాడు. అది చూసింది. మనిషి ఉన్నాడు కాబట్టి స్టార్ట్ కానంటోంది.

డాక్టరమ్మ గారు ఆకుపచ్చ బటన్ మీద వేలు తియ్యకుండా అలాగే నిలబడ్డారు. నేను పెట్టిన కన్నే, నేను పెట్టిన కన్నే అని గొణుక్కుంటున్నారు.

అప్పుడు ముత్యాలు, "అదిగోండి" అంది.

పొగ లేదు. మనిషి కనపడ్డాడు. స్తంభం పక్కన, చొక్కా మడిచి తలకింద పెట్టుకుని పడుకుని ఉన్నాడు. పది లెక్కపెట్టేలోపు మళ్ళీ పొగైపోయాడు.

"నిద్రపోయాడు. నిద్రపోతేనే కనపడతాడు. కదిలితే మన కంటికి అందడు" అన్నారు డాక్టరమ్మ గారు.

ముత్యాలు అద్దానికి దగ్గరగా జరిగింది. "ఆయనకి నేను కనపడతానా అండి?"

"కనపడతావమ్మా. బొమ్మలా కనపడతావు. నువ్వొక రెప్ప వేస్తే ఆయనకి చాలాసేపు నువ్వు కళ్ళు మూసుకునే ఉంటావు."

అంతే. ఆవిడ రెప్ప వెయ్యడం మానేసింది. అబద్ధమనుకుంటారు గానీ, నా కళ్ళతో చూశాను. నీళ్ళు కారిపోతున్నాయి, రెప్ప మాత్రం వాలనివ్వడంలేదు. కుడి చెయ్యి ఎత్తి అద్దానికి ఆనించింది. ఆ చెయ్యి అక్కడిదాకా రావడానికి ఆయనకి ఎంతసేపు పట్టిందో.

మళ్ళీ పొగ ఆగింది. ఈసారి ఆయన స్తంభం పక్కన లేడు. అద్దానికి ఒరిగి నిద్రపోతున్నాడు, ఆవిడ అరచేతికి ఎదురుగా తన అరచెయ్యి ఆనించి. గడ్డం వచ్చింది. అరటి గెల సగానికి పైగా అలాగే ఉంది, తొక్కలు ఒక పక్కన పొందిగ్గా పేర్చి ఉన్నాయి.

"పొదుపుగా తింటున్నాడు. మా ఆయన తెలివైనోడండి" అంది ముత్యాలు.

రాజుగారు అటు తిరిగి గోడకి తల ఆనించుకున్నారు.

అలా కనపడుతూ, పొగవుతూ, కనపడుతూ ఉన్నాడు. ప్రతిసారీ అక్కడే, అద్దం దగ్గరే. ఒకసారి చూస్తే కొబ్బరిచిప్పలు తెల్లగా గీకేసి ఉన్నాయి. ఇంకోసారి చూస్తే స్తంభానికున్న డబ్బాల మొహాలు మెరుస్తున్నాయి. కత్తి సగంలో వదిలేసిన వాటిని, నైవేద్యం గిన్నె అంచుతోనో దేనితోనో గీకి, నునుపు చేసి, తన చొక్కాతో తుడిచి పెట్టాడు. ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి. మరచెంబు బోర్లా పడి ఉంది. అప్పటినుంచి కూలెంటు నీళ్ళే తాగి ఉంటాడు. కత్తిని చల్లబరిచే ఆ తెల్లటి నూనె నీళ్ళు చేతికి తగిలితేనే మాకు దురద పుడుతుంది.

పక్కటెముకలు కనపడ్డాయి. జుట్టు చెవుల మీదకి దిగింది. గోళ్ళు పెరిగాయి. ఇదంతా మేం నిలబడ్డ చోటినుంచి కదలకుండా, పంతులుగారు గుచ్చిన అగరొత్తి ఇంకా పూర్తిగా కాలకముందే.

డాక్టరమ్మ గారు ఆయన్ని చూడ్డం మానేసి లోపల ఒక మూల చూస్తున్నారు. అక్కడ కూలెంటు గొట్టం కారుతోంది. చుక్క చుక్కగా కారాల్సింది, మాకు దారంలా కనపడుతోంది. "ఆ దారం తెగి చుక్కలు విడివిడిగా కనపడితే, కాలం దిగినట్టు" అని నాకు మెల్లిగా చెప్పారు. అప్పటినుంచి నేనూ దారం వంకే చూశాను.

కాసేపటికి ముత్యాలు మొహం వెలిగింది.

"కనపడుతున్నాడండి!"

నిజమే. పొగ లేదు. అద్దానికి ఒరిగి, అరచెయ్యి ఆవిడ అరచేతికి ఆనించి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. పది లెక్కపెట్టాం. పొగ కాలేదు. ఇరవై లెక్కపెట్టాం. ఇంకా కనపడుతూనే ఉన్నాడు.

"దిగిపోయిందండి! మన కాలానికి వచ్చేశాడు!" అని రాజుగారు నా భుజం పట్టుకుని ఊపేశారు. సన్నాయివాళ్ళు దణ్ణం పెట్టుకున్నారు. పంతులుగారు ఏడ్చేశారు.

నేను దారం వంక చూశాను. దారం దారంగానే ఉంది.

డాక్టరమ్మ గారు కూడా చూశారు. ఆవిడ ఆకుపచ్చ బటన్ మీదనుంచి వేలు తీసి, ముసలి చేతిని కొంగులో చుట్టేసుకున్నారు. మేమిద్దరం ఎవరికీ చెప్పలేదు. ఎలా చెప్తాం? ముత్యాలు నవ్వుతోంది. ఇప్పుడు రెప్పలు కూడా వేస్తోంది.

"ఎంత బాగా కనపడుతున్నాడో చూడండి. ఎండ పడితే తెలిసింది, మా ఆయన చామనచాయేనండి" అంది.

నిజంగానే రేకుల సందులోంచి పొద్దుటి ఎండ ఆయన మొహం మీద పడుతోంది.

ఆయన అలా కనపడుతూనే ఉన్నాడు. ఇంకాసేపటికి దారం సన్నబడింది. పూసల్లా విడింది. తర్వాత ఒక చుక్క. కాసేపాగి ఇంకో చుక్క. తలుపు తాళం టక్కుమంది.

నేనే తలుపు జరిపాను. బరువులు లేపడం నా పని కదా. లోపలినుంచి నూనె వాసన, వాడిపోయిన బంతిపూల వాసన వచ్చింది. రాజుగారు ఒక అడుగు వేసి అక్కడే ఆగిపోయారు.

ముత్యాలు మా మధ్యలోంచి లోపలికెక్కింది. ఆయన పక్కన గొంతుక్కూర్చుని, జుట్టు వెనక్కి తీసింది. చెక్కిలి మీద వేలితో ఒక గీత వెంట రాసింది. మడిచున్న చొక్కా విప్పి దులిపి ఒంటి మీద కప్పింది.

రాజుగారు బయటినుంచే, "అమ్మా ముత్యాలూ..." అన్నారు.

ఆవిడ నోటి మీద వేలు పెట్టుకుంది.

"లేపకండి రాజుగారూ. డ్యూటీ దిగాడు కదండి."

గేటు బయట ప్లాంటు వ్యాను హారన్ కొట్టింది. ముత్యాలు గబుక్కున లేచి, కొంగు ముడి విప్పి, తాళంచెవి తీసి, ఆయన అరచేతిలో పెట్టి వేళ్ళు ఒక్కొక్కటే మడిచింది. ఖాళీ పులిహోర గిన్నె చేతిలోకి తీసుకుని, చప్పుడు కాకుండా మిషను దిగి, గేటు వైపు నడిచింది.